మంచం కింద పిల్లాడు

పొద్దున్న ఆరున్నర. సబ్బు రాసి నిమిషం కాలేదు, అప్పుడే మొహం గోడవైపు తిప్పేస్తావేం నాన్నా? షాపులో ఎవడైనా ఇలా చేస్తే సగం గడ్డంతోనే ఇంటికి పంపిస్తా, తెలుసా?

సరేలే. నేనే తిప్పుకుంటా.

పక్షవాతంతో మాట పడిపోయినవాడితో వీడికి వాదనేమిటని లోపల నవ్వుకుంటున్నావేమో. నవ్వుకో. నేను మాట్లాడుతుంటే నువ్వు అడ్డం రాకపోవడం ఈ మధ్యే కదా మొదలైంది.

నిన్న చర్చిలో ఏం చేయించారో చెప్తా, విను. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు మమ్మల్ని సండేస్కూలు గదిలో కూర్చోబెట్టింది. అన్నీ చిన్నపిల్లల కుర్చీలు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఆ లావుపాటి ఎలక్ట్రీషియన్ లేడూ, వాడు కూర్చోగానే కుర్చీ కాలు టప్పున విరిగింది. అందరం నవ్వాం. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

"కళ్ళు మూసుకోండి. మీ లోపల ఒక పసివాడున్నాడు, వాణ్ని ఇన్నేళ్ళూ పలకరించినవాళ్ళు లేరు. పిలవండి. ఏం కావాలో అడగండి. ఆ తర్వాత ప్రభువుని ఆ గదిలోకి రమ్మనండి" అంది.

పిలిచాను. ఎక్కడున్నాడో తెలుసా? మంచం కింద.

ఏ మంచం అని చూడకు అలా. మన పాతింట్లో ఇనప మంచం. నీ షెడ్డులో ఆ రోజు లారీ అద్దం పగిలింది కదా? స్పానరు నా చేతిలోంచి జారింది. ఎనిమిదేళ్ళవాడి చేతికి అంత స్పానరు ఇచ్చిందెవరు? పోనీలే, ఇప్పుడా లెక్కలెందుకు.

కాలు పట్టుకుని ఈడ్చావు. "బయటికి రారా గుడ్డి వెధవా!" అన్నావు. నేను మంచం కోడు వదల్లేదు. నీ చేతిలో లారీ ఫ్యాన్ బెల్టు. వీపు మీద ఒకటి, కాళ్ళ మీద ఒకటి. చేతులు అడ్డం పెట్టుకున్నా. వేళ్ళ మీద కొట్టావు. వేళ్ళు తీసేశాను. అప్పుడు పడింది చెవి మీద.

లోపల ఏదో చిట్లింది నాన్నా. వెచ్చగా మెడ మీదికి కారింది. వంటింట్లో అమ్మ కుళాయి పూర్తిగా తిప్పింది, నా అరుపు వినపడకుండా. ఎడమ చెవికి చివరిగా వినపడిన చప్పుడు అదే.

ఇప్పటికీ షాపులో ఎవరైనా మాట్లాడితే వంగి కుడిచెవి పెడతాను. ఎంత మర్యాదో అనుకుంటారు పాపం.

బుగ్గ ఉబ్బించు. అదీ రాదా? సరే.

ప్రభువు వచ్చాడు. ఒట్టు. గుమ్మంలో నించోలేదు. వంగి, పాక్కుంటూ వచ్చి మంచం కింద నా పక్కకి దూరాడు. బెల్టు ఆయన వీపు మీద పడింది. మళ్ళీ పడింది. చొక్కా చిరిగింది, చర్మం లేచింది. ఆయన కిక్కురుమనలేదు. చుట్టూ అందరూ ఏడుస్తూ స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది! లేచి నీ చెయ్యి విరిచెయ్యడేం? నాతో కలిసి దెబ్బలు తినడానికా ప్రభువా నువ్వు వచ్చింది?

ఇక పిల్లాణ్ని అడిగాను, ఏం కావాలిరా అని. ఐస్‌క్రీమ్ అంటాడనుకున్నా. బంతి అంటాడనుకున్నా.

"నాన్న కూడా చెయ్యి అడ్డం పెట్టుకోవాలి" అన్నాడు.

అదీ వాడి కోరిక. వచ్చే ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకోడానికి ప్రభువు బల్ల దగ్గరికి రావాలంటే మనసులో పగ ఉండకూడదంది పాస్టరమ్మగారు. ఆ పసివాణ్ని ఓదార్చి రమ్మంది. ఎలా ఓదార్చను? చెప్పు.

కదలకు. కత్తి గొంతు మీదుంది.

ఇదిగో, ఇక్కడ నరం కొట్టుకుంటోంది. కొత్త బ్లేడు. నొక్కక్కర్లేదు, చెయ్యి జారితే చాలు. ముసలాడు తల విదిలించాడంటే అందరూ నమ్ముతారు.

చెయ్యెత్తు నాన్నా. ఆ కుడిచెయ్యి. బెల్టు పట్టిన చెయ్యి. ఒక్కసారి గొంతుకి అడ్డం పెట్టుకో, నేను పెట్టుకున్నట్టు. ఎత్తు! ఎత్తవేం? ఎత్తలేవని తెలిసే అడుగుతున్నా. దుప్పటి కింద కట్టెలా పడుంది కదా. ఎత్తరా అంటుంటే!

చూడు, నెత్తురొచ్చింది. సబ్బు నురగ ఎర్రగా అయింది.

అమ్మో, దుప్పటి కదిలిందేమిటి? ...ఫ్యాన్ గాలి. హడలిపోయాను.

ఏడుస్తున్నావా? నేనూ ఏడ్చాను. ఆపావా నువ్వు?

ఒరేయ్, మధ్యలో నువ్వెక్కణ్ణించి దూరావురా! నీతో కాదు నాన్నా. వాడు. మంచం కింద నించి వచ్చాడు వెధవ. నీ గొంతు మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆ వాచిన వేళ్ళే. తియ్యరా అంటే తియ్యడే! ఎవరు నేర్పారు వీడికి? ఇంకెవరు, నిన్న వాడి పక్కన పడుకుని దెబ్బలు తిన్నాయనే అయ్యుంటాడు.

వాడి వేళ్ళు తెగుతాయని ఆగాను. నీ కోసం కాదు. గుర్తుపెట్టుకో.

ఉండు, పటిక రాస్తా. మండుతుంది. మండనీ.

నాన్నా, నాలుగు రోజులైంది, ఇవాళ శుక్రవారం. కత్తి తేలేదులే, భయపడకు. కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటా.

ఇందాక మెట్ల మీద ఫిజియోథెరపీ అమ్మాయి కనిపించింది. నీ గొంతు మీద గాటేమిటని అడిగింది. చెయ్యి జారిందన్నాను. ఆ అమ్మాయి నమ్మలేదు.

"అదేంటండీ, మీ నాన్నగారు పట్టుకుని ఆపలేదా? కుడిచేతికి కదలిక తిరిగొచ్చి నెలయ్యిందిగా. నా వేళ్ళు నలిగిపోయేట్టు పట్టుకుంటారు. మీకు చెప్పొద్దని సైగ కూడా చేశారు" అంది.