సమంగా కత్తిరించిన కాళ్లు

శాన్ ఫెర్నాండోలో ఒక ఇంటి వసారా. క్రిస్మస్ కోసం కట్టిన వెదురు నక్షత్రం ముందు నాయనమ్మ, ఆమెను అక్కడి మాటలో 'లోలా' అని పిలిచే మనవరాలు కూర్చున్నారు. సాయంత్రంలోగా అది వెలగకపోతే, ఈ ఏడు చర్చి గుమ్మానికి పిల్ల నాన్న కొట్లో కొనితెచ్చిన నక్షత్రమే కడతారు.

"లోలా, ఈ బుల్లి బల్బుకి రెండు కాళ్లుంటాయి. పొడుగుది ప్లస్సు. దాన్ని ఈ చారల రెసిస్టర్ మీదుగా బ్యాటరీ ప్లస్సుకి కలపాలి. పొట్టిది మైనస్సుకి. తిరగేస్తే వెలగదు, రెసిస్టర్ మరిస్తే మాడిపోతుంది."

"తెలిసిందిలేవే. కలుపు."

"ఇదేంటి, రెండూ సమానంగా ఉన్నాయి?"

"ఎగుడుదిగుడుగా ఉన్నాయని కత్తిరించా. నలభై ఏళ్లుగా వెదురు పుల్లలు సమంగా కోసిన చెయ్యే ఇది!"

"ఎన్నిటికి కత్తిరించావు?"

"అన్నిటికీ."

"అరవైకీనా! లోలా!"

"నవ్వుతావేంటే?"

"ఏడవలేక! సరే, ఇంకో గుర్తుంది. మైనస్ వైపు బల్బు అంచు కాస్త చదునుగా ఉంటుంది. అబ్బా, నాకేం కనబడట్లేదు."

"ఇలా తే. ఇదిగో, ఇక్కడ. బొటనవేలికి తగుల్తోంది."

"కళ్లజోడు కూడా లేకుండానా!"

"వెదురు బద్ద చదునైందో లేదో వేలితోనే కదే చూసేది. కలుపు."

"వెలిగింది! లోలా, వెలిగింది! అయ్యో, ఊదుతావేంటి?"

"కొవ్వొత్తుల అలవాటే. ఆరలేదే, దొంగముండ!"

"ఇంకా యాభై తొమ్మిది ఉన్నాయి."

"నేను వేలితో వైపు చెప్తా, నువ్వు కలుపుతూ పో. ముందు మీ నాన్నకి చెప్పు, ఆ కొట్టు నక్షత్రాన్ని వెనక్కి ఇచ్చేసి రమ్మను."