మైలోడి సంగతి ముందే చెప్పుంటే

"నానమ్మా, మన మైలోడు చచ్చిపోయినప్పుడు పశువుల డాక్టరు తాతయ్యతో ఏమన్నాడు? మొత్తం చెప్పు. ఎల్లుండి తాడేపల్లి ఇంటర్వ్యూలో మళ్లీ అదే అడుగుతారని భయంగా ఉంది."

నా మాట ఫోన్లో రికార్డు ఎక్కుతోందా? సరే. దాన్ని కొంచెం ఇటు జరుపు. చెబుతాను గానీ కరుణా, నేను ఒకచోట మొదలెట్టి ఇంకోచోటికి పోతే నువ్వే ఆపాలి. పొద్దున చదివిన పేపరు మధ్యాహ్నానికి మళ్లీ కొత్తగా ఉంటోంది నాకు. నాకు చదువు ఎవరూ నేర్పలేదు, తెలుసుగా. పొట్లాం కాగితాలు చూసి, బైబిలు చూసి, కూడబలుక్కుని నేర్చుకున్నా. అది కూడా పోతే ఎట్లాగా అని... చూశావా, అప్పుడే దారి తప్పాను.

పోయినసారి పశువుల డాక్టరు ఉద్యోగానికి పోతే నిన్ను ఏమడిగారు? జబ్బు నయం కాదని పశువు గలవాళ్లకి ఎట్లా చెబుతావని. నువ్వేమో "ధైర్యం చెబుతాను సార్" అన్నావు. "ధైర్యం సరేనమ్మా, ఏ మాట చెబుతావు?" అంటే నోరు పెగల్లేదు. ఉద్యోగం ఇంకెవరికో పోయింది. ఇంటికొచ్చి "అది పుస్తకాల్లో లేదు నానమ్మా" అన్నావు. పుస్తకాల్లో ఎందుకుంటుందీ.

మైలోడు మీ తాతయ్య బండికి దాపట ఎద్దు. బండికి ఎడమపక్కన కట్టేది. మైల రంగు, అంటే బూడిద తెలుపు, నెమ్మదస్తుడు. రెండోవాడు ఎర్రోడు, వాడు మొండి. మిరపకాయ బస్తాలు ఆ బండిమీదే గుంటూరు యార్డుకి తోలేవాడు మీ తాతయ్య. లారీలు లేవని కాదు, ఉన్నాయి, మా చేలదారుల్లోకి దిగేవి కావు. బస్తాకి కిరాయి ఎంతిచ్చేవాళ్లో... రూపాయిన్నరా? కాదు, అది మా మామగారి రోజుల్లో. పోనీలే.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. పశువు తాడుమీద ప్రాణం వదలకూడదు. ఇక పోయేట్టుందని తెలియగానే ముకుతాడు కోసి, మెడలో పలుపు తీసేసి, ఒళ్లు నిమురుతూ పక్కన కూచోవాలి. మా మామగారు ప్రభువుని నమ్ముకుని, చర్చి కట్టడానికి రాళ్లు మోసినాయన. అయినా ఈ పట్టింపు వదల్లేదు. "చాకిరీ చేసినన్నాళ్లూ కట్టేశాం, పోయేటప్పుడన్నా విప్పొద్దా?" అనేవాడు. పాస్టరు గారు కూడా తప్పనలేదు.

ఆ ఏడు కోతలకి ముందు ఎద్దులకి నాడాలు కొట్టించాం. ఎద్దుని పడేసి, కాళ్లు కట్టి, గిట్టలకి ఇనప నాడాలు కొడతారు గదా. మైలోడికి ఒక మేకు లోపలికి దిగింది. కాస్త కుంటుతూ తిరిగాడు, తర్వాత మామూలుగానే నడిచాడు. మానిపోయిందనుకున్నాం. వారమో, పది రోజులో పోయాక, మేత ముందు నిలబడతాడు గానీ తినడు. దవడ బిగుసుకుపోయింది. కాళ్లు కొయ్యబారిపోయాయి. ధనుర్వాతం.

డాక్టరు కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. పేరు... నోటిదాకా వచ్చింది, ఉండు... సింగరాయకొండ వైపు వాళ్లబ్బాయి, అది గుర్తుంది. పేరు రావట్లా. మంచివాడమ్మా. సైకిలు మీద వచ్చేవాడు. మా పేటలోకి వచ్చి, మా నులకమంచం మీద కూచుని, మా గ్లాసులో టీ తాగిన మొదటి ఆఫీసరు ఆయనే.

"బతుకుతాడా డాక్టరు గారూ?" అని అడిగాడు మీ తాతయ్య. ఆయన మైలోడి కళ్లు చూశాడు, వాడి నోరు తెరవబోతే తెరుచుకోలా. మీ తాతయ్య మొహం చూశాడు. "తగ్గుద్దిలే అబ్రహామూ" అన్నాడు. ఇంజెక్షను చేశాడు. మర్నాడూ వచ్చాడు, మళ్లీ తగ్గుద్దనే అన్నాడు. నాకెందుకో బతకడనే అనిపించింది. ఆ మాటంటే మీ తాతయ్య "డాక్టరుకి తెలుసా, నీకు తెలుసా?" అని కసిరాడు.

ఆ మర్నాడు ఒక మందు రాసిచ్చి, నరసరావుపేటలో దొరుకుద్ది, తెచ్చుకోమన్నాడు. మీ తాతయ్య అన్నం కూడా తినకుండా పరిగెత్తాడు. ఆయన అటు పోవడం, ఇటు మైలోడు పడిపోవడం. ఇంట్లో నేనొక్కదాన్నే. పలుపు ముడి బిగుసుకుపోయింది, ఒళ్లంతా కొట్టుకుంటున్నాడు, దగ్గరికి పోనియ్యడు. కేకలు పెట్టా. పక్కింటివాళ్లు కొడవలి తెచ్చేలోపలే అయిపోయింది. తాడుమీదే పోయాడు.

పొద్దు వాలేవేళకి మీ తాతయ్య మందుసీసా పట్టుకుని వచ్చాడు. చూశాడు. సీసా అరుగుమీద పెట్టి, వెళ్లి, చచ్చినదాని ముక్కులో తాడు కోశాడు. అప్పుడు కోసి ఏం లాభం చెప్పు? అయినా కోశాడు.

మర్నాడు డాక్టరు వచ్చాడు. మంచం వేస్తే కూచోలా. "అబ్రహామూ, నాకు మొదటిరోజే తెలుసయ్యా. నీ మొహం చూసి చెప్పలేకపోయా. ఏదో ఒకటి చేస్తున్నట్టుంటుందని మందు రాశా" అన్నాడు. మీ తాతయ్య తిడితే బాగుండేది. తిట్టలా. మెల్లగా "చెప్పుంటే నేను ఇక్కడే ఉండేవాణ్ణి గదండీ" అన్నాడు. అంతే. ఆ మాటకి ఆ కుర్రాడి మొహం ఎట్లా అయిందో... పేరు మర్చిపోయా గానీ, ఆ మొహం మర్చిపోలా.

ఆయన చాలా ఏళ్లు మా చుట్టుపక్కలే పనిచేశాడు. మారిపోయాడమ్మా. ఎవరింట గేదె పోయేట్టున్నా ఇంటాయన్నీ ఇంటావిణ్ణీ ఇద్దర్నీ కూచోబెట్టి, "ఇది బతకదు. నొప్పి తగ్గించడానికి నేనున్నా. మీరు చేసుకోవాల్సింది ఏమన్నా ఉంటే చేసుకోండి" అనేవాడు. చేతగాక అంటున్నాడని తిట్టినవాళ్లూ ఉన్నారు. తిట్టించుకునేవాడు గానీ చెప్పడం మానలా.

అదీ. ఏ మాట చెబుతావని అడిగితే అది చెప్పు. మా తాతయ్య ఎద్దండీ అని ఏడుపు కథ మొదలుపెట్టబాక. బతకదనే మాట ముందు, ధైర్యం తర్వాత.

ఏదీ, ఒకసారి చెప్పు చూద్దాం. అద్దంలో చూసుకుంటూ కాదు. నాకు చెప్పు. గేదె గురించి కాదు... మొన్న గుంటూరు ఆస్పత్రిలో ఆ డాక్టరు నన్ను గడియారం బొమ్మ గీయమన్నాడు, వారాల పేర్లు వెనకనుంచి చెప్పమన్నాడు. తర్వాత నన్ను బయట కూచోబెట్టి మీ నాన్ననీ నిన్నూ లోపలికి పిలిచాడు. ఏం చెప్పాడు?

"వయసు కదా నానమ్మా, కాస్త..."

అది మీ నాన్న మాట. ఇటు తిరుగు. నా మొహం చూసి చెప్పు.

తొందరేం లేదు. నేనెక్కడికీ పోవట్లా.

"మతిమరుపు జబ్బు నానమ్మా. నయం కాదు. మందులు వేసుకుంటే నెమ్మదిగా ముదురుద్ది, అంతే. కొన్నాళ్లకి... మమ్మల్ని కూడా గుర్తుపట్టవు."

ఊఁ.

ఆ నీళ్లు ఇటియ్యి.

ఏడవబాక. బాగా చెప్పావు. మాట మింగలేదు. ఉద్యోగం ఇస్తారో లేదో నాకు తెలియదు గానీ, చెప్పటం వచ్చింది నీకు.

ఎప్పటికి అట్లా అవుద్దో చెప్పాడా? చెప్పలేదా. సరేలే, ఆయనకి మాత్రం ఏం తెలుసు. అయితే నేను చేసుకోవాల్సినవి చేసుకోవాలి. మీ నాన్నతో రేపు మాట్లాడతా, వాణ్ణి ఏమీ అనబాక, వాడు చెప్పలేకపోయాడు, అంతే. నిన్ను ఎల్లుండి బస్సెక్కేముందు దీవిద్దామనుకున్నా. ఎల్లుండిదాకా వద్దు. దీవించే పిల్ల ఎవరో తెలిసుండగానే దీవించాలి. రా. తల ఇట్లా పెట్టు.

ప్రభువా, ఇది కరుణ. మా యోహాను కూతురు. పశువుల డాక్టరు. నోరులేని జీవాలు దీని చేతికి వస్తాయి, దీని చేతిని చల్లగా ఉంచు. చెప్పాల్సిన మాట దీని నోట ఆగిపోనియ్యకు. నేను దీన్ని మర్చిపోతానంట తండ్రీ. నువ్వు మర్చిపోకు.