రాజవ్వక్క గుండెత్తిన పొద్దు

"అమ్మమ్మా, మీ అక్క నిజంగనే మొగోళ్ల ముంగట గుండెత్తిందా?"

అగో, మీ అమ్మ చెప్పిందా? ఎత్తింది బిడ్డా, నా ఈ కండ్లతోని చూసిన. జర ఆ భజియా ఇటియ్యి, చెప్త. ఈ డుమస్ సముద్రం గాలికి ఊకె ఆకలైతది నాకు.

ఊర్లె మాది మగ్గాలోళ్ల ఇల్లే గని, మా నాయిన కౌలుకు పొలం గూడ చేస్తుండె. కొడుకులు లేరు. నేను, మా రాజవ్వక్క, గంతే. అక్క వడ్ల బస్తా ఒక్కతే లేపి బండ్లెయ్యాలె. ఈడ పాండేసర మిల్లులల్ల బట్ట తాకాలు, గా బరువు చుట్టలు, మోసే పోరగాండ్లు లేరా, చూస్తవ్ గద, వాళ్లసుంటోళ్లు గూడ అక్క ముంగట ఆగరు. గని చూడొచ్చినోళ్లేమో "పిల్ల మోటుగున్నది" అని మర్రిపోతుండిరి. అమ్మ కొంగు నోట్లె కుక్కుకొని ఏడుస్తుండె.

కోతలైనంక కల్లంకాడ మొగపిలగాండ్లు గుండెత్తుతుండిరి. గుండంటె ఏంది, నున్నటి గుండ్రటి బండ, పట్టు దొరకది. దాన్ని భుజం మీదికి తేవాలె. ఆ యేడు పక్కూరి మల్లయ్య వచ్చిండు. ఎత్తి పడేసి, "మీ ఊర్లె మొగోడే లేడా?" అన్నడు. మనోళ్లు ఒక్కొక్కలు పోవుడు, మోకాళ్లదాక తెచ్చుడు, ఇడిసిపెట్టుడు. మా మ్యానమామ అయితే... మామ కాదు, చిన్నాయిన, నడుం పట్టుకొని ఆడనే కూలబడ్డడు.

గప్పుడు అక్క నెత్తి మీది గడ్డిమోపు దించి, కొంగు నడుముకు చుట్టింది. "మొగోళ్లు లేకుంటె నేనున్న గద" అన్నది. పెద్దమనుషులు ఆడిది ముట్టద్దని ఒకటే లొల్లి. మా నాయినొక్కడే "ముట్టనియ్యుండ్రి" అన్నడు. అక్క మొఖం ఎర్రగైంది, మెడనరాలు తేలినయి. భుజానికెత్తి, జరసేపు నిలబడి, దబ్బున ఏసింది సూడు, దుబ్బంత లేచి మల్లయ్య మీసాల నిండ పడ్డది!

తెల్లారి మల్లయ్య వాళ్లమ్మను తోలుకొని మా ఇంటికొచ్చిండు. కొట్లాటకొచ్చిండనుకొని నాయిన కట్టె పట్టుకున్నడు. ఆయనేమో తలకాయ వంచుకొని, "పిల్లనిస్తరా?" అన్నడు. అక్క లోపటికెల్లే అడిగింది, "రేపు నీ దోస్తులు నవ్వితె?"

"నవ్వనీ. నవ్వినోన్ని నీ దగ్గరికే తోలుత" అన్నడు.

ఇగ ఇల్లంత నవ్వుడే.

అప్పగింతలప్పుడు అమ్మ అక్కను పట్టుకొని ఇడుస్తలేదు. అక్క ఏం చేసిందనుకున్నవ్? అమ్మను అమాంతం పైకి లేపింది. అమ్మ గాల్లె కాళ్లు కొట్టుకుంట, "దించవే, అందరు చూస్తుండ్రు" అని, ఏడ్సుకుంటనే నవ్వింది...

చల్లగుండు బిడ్డా. నీ బలం చూసి మురిసేటోడే నీకు దొరకాలె.