ఫెంటనిలా, సుఫెంటనిలా?

ముప్ఫై ఏళ్లపాటు గుండె ఆపరేషన్లకు మత్తు ఇచ్చిన పెద్ద డాక్టరు ఆ ఉదయం అదే థియేటర్లో, అదే బల్ల మీద పడుకుని ఉన్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న శిష్యురాలు తల దగ్గర నిలబడి ఉంది.

“ఏ మందు ఎక్కిస్తావమ్మా? నా ఫెంటనిలా, నీ సుఫెంటనిలా?”

“ఇవాళ మీరు పేషెంటు సార్. సలహాలివ్వకూడదు.”

“రెండేళ్లు పోట్లాడుకున్నాం కదా! ఫెంటనిల్‌తో నా చేతిలో ఎవరికీ బీపీ పడిపోలేదు.”

“సుఫెంటనిల్ ఇస్తే, గొంతులో గొట్టం వేసేటప్పుడు కూడా గుండె ఉలిక్కిపడలేదు సార్. చార్టులన్నీ మీకు చూపించాను.”

“చూశాను. తేడా వెంట్రుకవాసి. ఏదైనా సరే, గబుక్కున తోసేస్తే ఛాతీ కొయ్యబారిపోతుంది. నీ మొదటి కేసు గుర్తుందా?”

“మరిచిపోతానా? ఆ పేషెంటుకు ఊపిరాడలేదు, నాకు ముచ్చెమటలు పట్టాయి. మీరు నా మణికట్టు పట్టుకుని, ‘తేనె జారినట్టు పోనివ్వమ్మా’ అన్నారు.”

“ఇప్పుడు నాకే భయంగా ఉంది. ఈ గుండె చిన్న కుదుపు కూడా తట్టుకోలేదు. మొదలుపెట్టే ముందు ఒక్క మాట చెప్పు.”

“మీరెప్పుడైనా చెప్పారా సార్? కబుర్లలో పెట్టి కానిచ్చేసేవారు.”

“అది పేషెంట్లకి. నేను... నాలుక మందంగా ఉందేమిటి? ఎప్పుడు మొదలుపెట్టావ్?”

“మీరు నా మొదటి కేసు ఎత్తినప్పుడే.”

“ఛాతీ తేలిగ్గానే ఉందే... ఇంతకీ ఏది?”

“లేచాక చెప్తాను సార్.”