చెవులు మూయని రంగన్న

ఏంది ధనుంజయ్, తప్పంతా తుపాకిలోనే ఉందంటాండావా? గురి చూసే సైటు వంకరంటావు, తూటాలు నెమ్మెక్కినాయంటావు... కూర్చో, కూర్చో. అచ్చం వేముల రంగన్న మాట్లాడినట్లే ఉంది. నువ్వెరగవులేప్పా, ఆయప్ప పోయి శానా ఏండ్లాయ. ముందు గొర్రెల మందలుండె వాళ్లకు, తర్వాత చీనీతోట పెట్టినారు. అడివిపందుల కోసరమని లైసెన్సు రైఫిలు తీసుకున్న్యాడు. ఆదివారమొస్తే మైలవరం దావలో గుట్ట కింద తుపాకులు కాల్చే రేంజికి పోతాంటిమి. నేను బట్టలంగడి మూసుకోని పోయేది కాల్చేదానికి కాదు, ఆడ అలసందవడలు తినేదానికి. మా ఇంటామె ఈ పొద్దుకీ నమ్మదు.

సరే, రాష్ట్రం ఇడిపోయిన ఏడు ఎలక్షన్లొచ్చె. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టమంటారు కదా, పెట్టినాడు. తిరిగిచ్చినాక కాలిస్తే గుండ్లన్నీ కిందికే పోతాండాయి. అంతకుముందు మాత్రం యాడికి పోతాండె? కిందికే! కానీ ఇప్పుడు ఆయప్పకు సాకు దొరికె. "బాలకృష్ణయ్యా, ఎవుడో నా సైటు తిప్పినాడప్పా. మా దాయాదులే తిప్పిచ్చినారు" అని నా చెవిలో గుసగుస. ఏ దాయాదులు? వాళ్లు పొలాలమ్ముకోని ఎప్పుడో బెంగుళూరు పోయినారు!

ప్రొద్దుటూర్లో తుపాకులు బాగుచేసే అద్నాన్ ఉండె. వాడంటే రంగన్నకు ప్రాణం. రేంజిలో తన వెనకాల ఎవుర్నీ నిలబడనిచ్చేటోడు కాదు, వాణ్ణి తప్ప. వాడు స్క్రూలన్నీ బిగిచ్చి చూసె, గొట్టం తుడిచె, తనే కాల్చి చూపిచ్చె. బొట్టు పెట్టినట్లు నడిమధ్యన పడె. "తుపాకి బంగారం మామా. నువ్వే పేల్తాదేమోనని ముందే అదురుతాండావు. చెవుల్లో దూది పెట్టుకో" అన్న్యాడు. రంగన్న ఇంటాడా? "దూది పెట్టుకుంటే వెనకాల ఎవుడొచ్చేదీ ఎట్ల తెలుస్తాది రా?" అంట! అందరూ చెవులు మూసుకోని కాలుస్తాంటే, ఈయప్ప మాత్రం ఆకు కదిలినా వెనక్కి తిరిగేది. తుపాకి ముందుకు, తల వెనక్కు. నవ్వుతాండావా? మేమూ నవ్వితిమి.

ఒకదినం అద్నాన్ చెప్పకుండా తుపాకిలో కాల్చేసిన తూటా డొల్ల పెట్టిచ్చినాడు. రంగన్న గురి పెట్టె, నొక్కె. టిక్కుమనె, అంతే. పేలిందీ ల్యా, గీలిందీ ల్యా, తుపాకి మూతి మాత్రం ఇంత కిందికి దిగబడె! మేం పడీపడీ నవ్వితిమి. "చూసినావా మామా, తప్పు యాడుందో!" అన్న్యాడు వాడు. రంగన్న నవ్వల్యా. మొగం నల్లగ చేసుకోని, "ఒట్టి తుపాకి నా చేతికిచ్చి నా వెనకాల నిలబడినావు. ఎవుడు చెప్పినాడ్రా నీకు?" అన్న్యాడు. ఓరి దేవుడా! ఆ మాటకు వాని మొగం చూడాలప్పా. సామాన్లు సంచిలో ఏసుకోని బండెక్కి పాయ.

ఇంగ మాటల్లేవు. ఈయప్పేమో "తప్పు లేనోడైతే వాడే వస్తాడు" అని. వాడేమో "అంత మాటన్నాక నేనెట్ల పోయేది" అని. రంగన్న దూది లేకుండానే ఏండ్ల తరబడి కాల్చి కాల్చి చెవులు పోగొట్టుకున్న్యాడు. బయటికి చెప్పుకోడు. చెవిటోడని తెలిస్తే దాయాదులొస్తారంట! పెండ్లాం అంకమ్మకూ, నాకూ తప్ప ఎవురికీ తెలీదు.

మంచం పట్టినాక చూడను పోతి. "అందరూ వచ్చినారప్పా, వాడొక్కడే రాల్యా. నేననుకున్న్యదే నిజం" అని కండ్లనీళ్లు పెట్టుకున్న్యాడు. ఆ వారమే పాయ. మట్టి చేసి వచ్చేటప్పుడు అద్నాన్ నా పక్కనే నడుస్తాండె. "శుక్రవారం నేను పోయిన్యా మామా. అత్త ఇంట్లో ల్యా. వాకిట్లో నిలబడి పిలిచినా, మళ్లీ పిలిచినా. గోడ తట్టు తిరిగి పండుకోనుండె, పలకల్యా. ఇంగా కోపమే అనుకోని వచ్చేస్తి" అన్న్యాడు. చెప్తి నేను, ఆయప్పకు చెవులు ఇనపడవు రా అని. వాడు ఆడనే, రోడ్డు మిందనే కూలబడిపాయ.

...

ఉక్కగా ఉంది, ఆ ఫ్యాను కొంచెం పెంచప్పా.