ప్రో తీసి హోమ్

కోవూరు మెయిన్ రోడ్డు మీద జడ్సన్ కంప్యూటర్ షాపు. పుష్పకుమారి ల్యాప్‌టాప్ కౌంటరు మీద పెట్టింది గాని, దాని మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"విండోస్ హోమ్ వెయ్యన్నా అంటే వెయ్యవేంది?"

"వెయ్యననలేదు చెల్లెమ్మా. ఎందుకని అడుగుతున్నా. దీంట్లో ప్రో ఉంది, రెండేళ్ళ కింద నేనే వేసినా. ఊళ్ళో జనమంతా హోమ్ తీసి ప్రో వెయ్యమని నా పానం తీస్తారు. నువ్వేమో తిరగేసి అడుగుతున్నావు."

"నాకు ప్రో అక్కర్లేదు."

"అక్కర్లేకపోతే వాడుకోబాక. ఉంటే ఏం పోయింది?"

"ఏం పోయిందా..."

"ఏంది?"

"ఏం లేదు. స్లోగా ఉంది."

"స్లోకి హోమ్ మందు కాదమ్మా. ర్యామ్ వేద్దాం."

"ర్యామ్ వద్దు. హోమ్ వెయ్యి."

"హోమ్‌లో కొన్ని ఉండవు. రేపొచ్చి అది లేదు ఇది లేదు అంటే..."

"ఏమేం ఉండవు? చెప్పన్నా. నాకదే కావాల."

"ఉండనివి కావాలా? బాగుంది! ఆఫీసుల వాళ్ళకి పనికొచ్చేవి. డిస్కుకి గట్టి తాళం. ఇంకా, బయట్నించి..."

"ఆ. బయట్నించి?"

"బయట్నించి ఇంకో కంప్యూటర్లో దీన్ని తెరిచి వాడుకోవచ్చు. హోమ్‌లోకి అట్లా రావడం కుదరదు."

"అదీ. అందుకే హోమ్."

"నాకర్థం కాలా."

"పని చేసుకుంటా ఉంటే స్క్రీన్ దానంతటదే లాకయిపోతా ఉందన్నా. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు. వైరసేమో అనుకున్నా. పక్కింటి బిందు లేదూ, ఇంజనీరింగ్ పిల్ల, ఆ పిల్ల చూసి చెప్పింది. అది వైరస్ కాదక్కా, ఎవరో లోపలికొస్తా ఉంటే నిన్ను బయటికి నెడతా ఉంది అనింది."

"ఎవరో ఏంది? మీ ఆయనే. ఆఫీసు ఫైళ్ళు యాణ్ణించైనా చూసుకోవాల అన్నాడు, పెట్టిచ్చినా. క్రీస్తురాజు గారు ఏమన్నా దొంగా?"

"దొంగయితే బాగుండు. తలుపేసుకుంటాం."

"ఏమయింది చెల్లెమ్మా?"

"ఏం కాలా. ఎంతసేపు పడుతుంది?"

"ప్రో మీద హోమ్ నేరుగా కూర్చోదు. మొత్తం తుడిచి మొదట్నించి వెయ్యాల. ఫోటోలూ గీటోలూ అన్నీ పోతాయి."

"పోనీ."

"పెళ్ళి ఫోటోలు గూడా..."

"పోనీ అంటున్నా గదా! నా సర్టిఫికెట్లు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. శుక్రవారం ఉద్యోగంలో చేరాల. హాస్టల్ వార్డెను."

"దేవునికి స్తోత్రం! మంచి మాట చెప్పినావు. యాడ?"

"చెప్పను."

"నాకు గూడానా?"

"ఎవరికీ చెప్పనన్నా. పోయిన నెల గూడా ఒక ఉద్యోగం వచ్చింది. వాళ్ళ మెయిలు నేను చూసేలోపల ఆయన చూసినాడు. ఫోన్ చేసి, మా ఆమెకి మతి సరిగా లేదు సార్, పిల్లల దగ్గర పెట్టుకోబాకండి అని చెప్పినాడు. ఇంటికొచ్చి... ఈ చెయ్యి చూడు. మూడు వారాలు పైకి లేవలా. చర్చిలో నువ్వే అడిగినావు."

"బాత్రూంలో జారిపడినా అన్నావు."

"అన్నాను. అందరి ముందర ఏం చెప్పేది? భయమేస్తా ఉందన్నా. ఈసారి చెప్పాపెట్టకుండా పోతున్నా. అక్కడ లెటర్లూ రిపోర్టులూ అన్నీ దీంట్లోనే చెయ్యాల. ఆయన దీంట్లోకి వచ్చినాడంటే నేను యాడున్నానో తెలిసిపోతుంది. ఈసారి ఒక్క చెయ్యితో వదలడు."

"ఈ మాట వస్తానే చెప్పుంటే బాగుండేది చెల్లెమ్మా."

"ఇప్పుడు చెప్పినా గదా. మొదలుపెట్టు."

"నా షాపులో ఒక పద్ధతుంది. బిల్లు ఎవరి పేరు మీదుంటే వాళ్ళని అడక్కుండా మిషను తుడవను. ఒకసారి అన్నదమ్ముల గొడవలో నానా మాటలు పడినా, అప్పట్నించి."

"బిల్లా?"

"ఆయన పేరు మీదే గదా. నువ్వు హోమ్ అనంగానే మెసేజి పెట్టినా. చెడ్డ తలంపుతో కాదమ్మా, దేవుడే సాక్షి."

"ఏమని పెట్టినావు?"

"పుష్పమ్మ షాపుకొచ్చింది, ప్రో తీసెయ్యమంటా ఉంది, తియ్యనా అని."

"ఏమన్నాడు?"

"తియ్యమన్నాడు."

"తియ్యమన్నాడా? ఆయనా?"

"తీరిగ్గా తియ్యి, ఆమెని కూర్చోబెట్టు అన్నాడు. నేను... నేనేదో మంచి మాట అనుకున్నా."

"అప్పుడు యాడున్నాడన్నా?"

"నెల్లూర్లో. ఇప్పుడే ఇంకోటి పెట్టినాడు, పెన్నా బ్రిడ్జి దిగినా, వచ్చేస్తున్నా అని."