కాశిల ఇడిచిపెట్టిన జాంపండు

"నాయినమ్మా, ఫోన్ల రికార్డు పెట్టిన. ఇగ చెప్పు. మన దేశంల నీకు ఏ ఏ ఊర్లు చూడాలని ఉంది? అండ్లకెల్లి ఒక్క ఊరికి ఈసారి నిన్ను నేను తోల్కపోత. బాపు గూడ సరే అన్నడు."

ఒక్క ఊరేనా? అడిగేటప్పుడు ఏ ఏ ఊర్లు అంటవ్, తోల్కపోయేటప్పుడు ఒక్కటంటవ్. అచ్చం మీ తాత బుద్ధే వచ్చింది నీకు. ఆగు శ్రావణీ, జర చాయి తాగనియ్యి. చాయి చల్లారితే నాకు మాట రాదు, నీకు ఎర్కే గద. ఊఁ... అల్లం తక్కువేసింది మీ అమ్మ. జహీరాబాదుల ఉండుకుంట అల్లానికి పిసినారితనమేంది? లారీలకు లారీలు పోతుండె మన అల్లం. సరే తియ్యి, మీ అమ్మతోని అనకు. ఏయ్, గిది గూడ రికార్డయితుందా? తుడిచెయ్యి దాన్ని, లేకుంటె పొద్దుమీకి నాకు చాయే దొరకది.

ఆఁ, ఊర్లు. ముందుగాల సముద్రం. చిన్నప్పటి సంది నాకు సముద్రం పిచ్చి. చిరాగ్‌పల్లిల మా చిన్నమ్మ ఇల్లుండె, రోడ్డు పక్కకే. నేను ఆడ నిలబడి లారీలు చూస్తుంటే మా చిన్నమ్మ అనేది, ఈ తొవ్వ పట్టుకొని సీదా పోతె బొంబాయి, ఆడ తొవ్వ ఒడిసిపోయి సముద్రం వస్తది అని. తొవ్వ ఒడుసుడేంది, నీళ్లు మొదలువెట్టుడేంది అని నాకు అదే సోంచాయించుడు. ఒకనాడు చూసొద్దామని నడుసుకుంట పోయిన గూడ. ఏడికి పోత? రెండు చేన్లు దాటంగనే మా కాక సైకిల్ మీద ఎదురొచ్చి, రెక్క పట్టి తీస్కపోయి మా అమ్మకు అప్పజెప్పిండు. ఆనాడు నా వీపు మోగింది సూడు, సముద్రం అంత సప్పుడు చేస్తదో లేదో.

ఇగ కాశ్మీరు. మంచు మీద కూసోవాలె ఒక్కసారన్న. నవ్వకు, మొన్న ఫ్రిజ్జు కడుగంగ అండ్లకెల్లి గోకిన మంచు దోసిట్ల పట్టుకొని నిలబడ్డ, మీ అమ్మ చూసి అత్తమ్మకు ఏదో అయ్యిందనుకున్నది. కేరళ బీ చూడాలె. పడవలనే ఇల్లట గద? నువ్వే చూపిచ్చినవ్ ఫోన్ల. పడవలనే మంచం, పడవలనే పొయ్యి. నీళ్ల మీద పోవుకుంట చాయి తాగుడంటే అబ్బ, ఏం సుఖమే అది. రాజస్థాన్ల ఒంటెలు... వద్దు, ఒంటెలు వద్దు. ఎక్కుడంటే ఎక్కుత గని దిగుడు నాతోని గాదు. ఈ మోకాళ్లు చూస్తున్నవ్ గద.

ఏంది గట్ల చూస్తున్నవ్? కాశి అనలేదనా? అందరు గట్లనే అనుకుంటరు. ముసల్దాన్ని అడిగితె కాశి అంటది, ఇంకేమంటది అని. మీ బాపు గూడ నిన్న నన్ను అడగకముందే "కాశికేనా అమ్మా?" అన్నడు. వద్దు బిడ్డా, కాశి వద్దు. ఎందుకంటవా? కాశికి పోయినోళ్లు మనకు ఇష్టమైంది ఒకటి ఆడ ఇడిచిపెట్టి రావాలె. పండో, కూరనో, ఏదన్న. గంగల నిలబడి చేతుల నీళ్లు పట్టుకొని దాని పేరు చెప్పాలె, నీళ్లు ఇడువాలె, గంతే. మల్ల పానం ఉన్నన్ని దినాలు దాన్ని నోట్ల పెట్టొద్దు. ఇగ నాకు ఇష్టమైందేంది? గీ గిలాసల ఉన్నది. చాయి. దవాఖానల డాక్టరు చాయి బంద్ చెయ్యి అంటే నేను డాక్టర్నే బంద్ చేసిన. గా చాయి కాశిల ఇడిచిపెట్టి వచ్చి నేనేం చేస్త, పొద్దుగాల లేచి ఎవరి మొఖం చూడాలె?

మీ తాత సంగతి ఎర్కేనా నీకు? సగమే ఎర్క. మొత్తం చెప్త ఇను.

మీ బాపు అప్పుడు చంకల పిల్లగాడు. కోహీర్ల మన జాంతోట... ఇప్పుడు ఏవో కొన్ని చెట్లు మిగిలినయి గని, అప్పుడు నిండు తోట. లోపల ఎర్రగుండే పండ్లు. రూపాయికి దోసెడు ఇస్తుంటిమి, గంపలకు గంపలు పట్నం పోతుండె. మీ తాతకు జాంపండంటే పానం. అన్నం లేకున్న ఉంటడు, జాంపండు లేకుండ ఉండడు. పొద్దుగాల యాపపుల్లతోని పండ్లు తోముకుంట గూడ చెట్ల దిక్కే చూసేటోడు. ఆ యేడు ఊరోళ్లు కొందరు కలిసి కాశికి పోతున్నరు, మీ తాత గూడ బయలుదేరిండు. నేను పోలే. ఇద్దరం పోతె తోటకాడ ఎవరుండాలె, పండు పక్కానికొచ్చిన దినాలాయె. "వచ్చేసారి ఇద్దరం పోదాం" అన్నడు. ఆ వచ్చేసారి ఏనాడు రాలే, అది వేరే ముచ్చట.

ఇంటి కడప దాటుకుంట నాతోని ఏమన్నడో ఎర్కేనా? "కాకరకాయ ఇడిచిపెట్టొస్త" అన్నడు. కాకరకాయ జన్మల తినలే ఆయన. "ఏమయ్యా, దేవుణ్ణి బీ మోసం చేస్తవా?" అన్న నేను. "మోసమేందే, కాకరకాయను గూడ ఆయనే పుట్టిచ్చిండు గద" అన్నడు. గసొంటి తెలివి.

ఇగ రైలెక్కినప్పటి సంది ఒక్కటే ఫికరట. తోట ఫికరు. నా ఫికరు గాదు, పిల్లగాని ఫికరు గాదు, రామచిలుకల ఫికరు. "నా పెండ్లాం నిద్రపోతది, చిలుకలు తోటంత ఖాళీ చేస్తయి" అని రైల్ల ఎవలు కలిస్తె వాళ్లకు చెప్పుడే. ఉర్దూల చెప్పుడు, జాంపండును అమ్రూద్ అంటరు గద. మా అమ్రూద్ గిట్లుంటది, మా అమ్రూద్ గట్లుంటది అని. ఎంబడి పోయిన రాచప్ప, మన తోట పక్క చేను ఆయనదే, ఆయన చెవులు మూసుకున్నడట. ఇగ కాశిల పొద్దుగాల గంగల దిగిన్రు. నీళ్లు గజగజ వణికిస్తున్నయి. ఒక్కొక్కరిని అడుగుతున్నడు ఆడి పంతులు, ఏం ఇడిచిపెడ్తవని. రాచప్ప ఏదో కాయ పేరు చెప్పి ఇవుతలకొచ్చిండు. మీ తాత దోసిట్ల నీళ్లు పట్టుకున్నడు. కండ్లు మూసిండు. కండ్లు మూస్తె ఏం కనవడ్డది? చెట్ల మీద చిలుకలు కనవడ్డయి. పంతులు హిందీల అడిగిండు. మీ తాత నోట్లకెల్లి "అమ్రూద్" అని పడ్డది. నీళ్లు గూడ జారినయి. అయిపాయె!

ఇక్కడ నాకేం ఎర్క? కాశికి పోయినోళ్లు వస్తున్నరని నేను ఇల్లు అలికి, ముగ్గేసి, ఆయన కోసమని తోట మొత్తంల మంచి పండు ఒకటి గడ్డిల మాగవెట్టి దాసిన. రాంగనే కాళ్లు కడిగి చేతుల పెట్టిన. తీసుకున్నడు. ముక్కుకాడ పెట్టుకొని చానసేపు వాసన చూసిండు. మల్ల నా చేతులనే పెట్టిండు. "నేను తినొద్దే ఇగ" అన్నడు. ఎందుకయ్యా అని అడిగిన. ఎన్కకెల్లి రాచప్ప కిసకిస నవ్వుతున్నడు. సంగతి తెలిసినంక నేను బీ నవ్విన. కడుపు పట్టుకొని నవ్విన. నవ్వి నవ్వి ఆయన మొఖం చూసిన. ఇగ ఏడుపొచ్చింది. తోట నిండ పండ్లు బిడ్డా, ఆ వాసనల్నే పండాలె, ఆ వాసనల్నే లేవాలె, నోట్ల పెట్టొద్దు.

రాచప్ప చెప్పి చూసిండు. "ఎవడు చూస్తున్నడు, తినరాదు" అన్నడు. మీ తాత ఒక్కటే మాట అన్నడు, "గంగ చూసింది గద" అని. మనిషి అంత సీదా మనిషి. కాకరకాయ ఉపాయం మీద పోయినోడే, మాట నోట్లకెల్లి వచ్చినంక మాత్రం తప్పలే.

నేను గూడ తినుడు బంద్ చేసిన. ఆయన తినంది నాకెట్ల మింగుడు పడ్తది? రెండు దినాలు చూసిండు, మూడోనాడు ఒర్రిండు నా మీద. "ఇడిచిపెట్టింది నేను, నువ్వెందుకు ఇడిచిపెడ్తవ్? కూసో. తిను. తిని ఎట్లుందో చెప్పు" అన్నడు. కూసున్న. తిన్న. "తియ్యగుంది" అన్న. ఇగ కోపం చూడు! "నేను నీకు రాత్రి గంగ మొత్తం చెప్తె, నువ్వు నాకు తియ్యగుంది అని ఒక్క మాట చెప్తవా?" అని. నిజమే గద. ఇగ ఆ దినం సంది నేర్చుకున్న. తోలు కాడ జర వగరు, లోపలికి పోయినాకొద్ది ఇసుక లెక్క పలుకు పలుకు, నడుమ గింజల కాడ మెత్తగ, అంత అయినంక నాలిక ఎన్క ఒక తీపి ఉంటది, అది చానసేపు పోదు. నేను చెప్తుంటె ఆయన గుటకలు మింగేటోడు. గంతే, ప్రతి యేడు అదే పని మాకు. ఆయన నాకు కాశి చెప్పుడు, నేను ఆయనకు జాంపండు చెప్పుడు.

ఆయన కాశి గూడ యేడు యేడు పెరుగుడే. మొదటేడు గంగ మన మంజీర అంతనే ఉండె. మీ బాపు బడికి పోయేనాటికి అవుతలి ఒడ్డు సరిగ కానస్తలేదు. మీ బాపు పెండ్లి నాటికి అవుతలి ఒడ్డే లేదు! "ఏమయ్యా, గంగ గింత పెద్దగ ఎప్పుడయ్యింది?" అంటె, "నువ్వు పోయినవా, నేను పోయిన్నా?" అనేటోడు. గల్లీలట, ఎద్దు ఎదురొస్తె మనం ఎవరింట్లకో ఎక్కి నిలబడాలెనట. మట్టి గురిగిల చాయి ఇస్తరట, తాగి గురిగి పలగ్గొట్టుడేనట. గా మాట చెప్పినప్పుడల్ల నాకు నోరూరేది. ఇద్దరికీ ఒక్కతీరే నోరూరుడు, ఆయనకు నా పండుకు, నాకు ఆయన చాయికి.

పోయి రెండేండ్లాయె గద మీ తాత. మంచం పట్టినప్పుడు మీ బాపు ఒక పండు కోసుకొచ్చి, "జర తిను బాపూ, ఇగ ఏం గాదు" అన్నడు. మీ తాత నవ్విండు. "గిన్నేండ్లు ఆగినోణ్ణి, ఇప్పుడు తొందరేముందిరా" అన్నడు. నా దిక్కు చూసి, "నువ్వు తిని చెప్పు" అన్నడు. చెప్పిన. ఆనాడు నేను చెప్పినంత మంచిగ ఏనాడు చెప్పలే.

మొన్న పెత్రమాసకు, పోయిన పెద్దలకు పెట్టే అమాసనాడు, నువ్వున్నవ్ గద ఇంట్ల. ఆయన ఫోటో ముంగట ఇస్తార్ల ఆయనకు ఇష్టమైనయన్ని పెట్టినం. గారెలు, పూర్ణాలు, పుంటికూర. మీ అమ్మ యాదిమరిచి ఒక జాంపండు గూడ పెట్టింది. నేను ఉరికొచ్చి తీసేసిన, "ఆయన ఇడిచిపెట్టిండు, పెట్టొద్దు" అని. తీసిన గని బిడ్డా, ఆ పండు చేతుల పట్టుకున్నంక నాకు మనసున పట్టలే. బతికున్నన్ని దినాలు ఆగిండు, మాట నిలవెట్టుకున్నడు. పోయినంక గూడ ఆయనకు పండు లేదా? గిదేం న్యాయం? ఆ పండు నేను తినలే, చెట్టుకాడనే పెట్టొచ్చిన. చిలుకలు తిన్నయి కావచ్చు. వాటికే రాసిపెట్టి ఉన్నట్టుంది.

మన గుడి అయ్యగారిని అడిగిన. అయ్యగారూ, ఒకరు కాశిల ఇడిచిపెట్టింది ఇంకొకరు పోయి వాపసు అడుగొచ్చా అని. ఆయన తల గోక్కున్నడు. "ఇడిచిపెట్టుడు ఇన్న గని అవ్వా, వాపసు తెచ్చుకునుడు ఎన్నడు ఇనలే" అన్నడు. "అయితె ఇప్పుడు ఇను" అన్న. ఏమంటడు పాపం, నవ్విండు.

ఊఁ... ఫోన్ నడుస్తుందా?

సూడు, ముందుగాల కాశి వద్దన్న. నిజమే, వద్దనే అన్న. చాయి ఇడువాలెనని భయం నాకు. గని పెత్రమాస సంది పొద్దుగాల చాయి తాగినప్పుడల్ల, ఆ తీసేసిన పండే యాదికొస్తుంది. గీ చాయి బీ ఎన్కటంత మంచిగ లేదు. అల్లం తక్కువై గాదే పిచ్చిదానా! అందుకని అంటున్న, ఇగ రాసుకో. కాశికే పోదాం. గంగల దిగి చెప్త నేను, తల్లీ, మా ఆయన తెలివితక్కువకు చిలుకల ఫికర్ల పడి నీకు జాంపండు ఇచ్చిండు, అది నీ దగ్గర చాననాళ్లు ఉన్నది. ఇగ అది ఆయనకు వాపసు ఇయ్యి, దానికి బదులు నా చాయి తీస్కో అని. చాయి ఏం తక్కువది గాదు గద, తీస్కోదా? తీస్కుంటది. గంగ గూడ ఆడదే, ఆమెకు అర్థమైతది. వచ్చే పెత్రమాసకు ఇస్తార్ల అన్నిటి ముందు జాంపండే పెడ్త, లోపల ఎర్రగుండేది. ఎవరు తీస్తరో చూస్త.

సముద్రమా? సముద్రం ఏడికి పోతది, బొంబాయి తొవ్వ ఉన్నదాక ఆడనే ఉంటది. నువ్వు పో. కాశ్మీరు పో, కేరళ పో, పడవల పండుకో. నువ్వు మాత్రం ఏడికి పోయిన ఏం ఇడిచిపెట్టకు బిడ్డా, నీ వయసుకు ఇడిచిపెట్టేటియి ఏం లేవు. అన్ని చూడు, అన్ని తిను, చల్లగుండు. వచ్చి నా పక్కన కూసొని సముద్రం ఎట్లుందో చెప్పు. మీ తాత లెక్క పెంచి చెప్పకు, ఉన్నదున్నట్టు చెప్పు... కాదు కాదు, జర పెంచే చెప్పు. పెంచకుంటె నాకు మజా రాదు.

టికెట్లు ఎప్పటికి దొరుకుతయట? దీపావళి దాటినంకనా? అయితె చాన టైమున్నది. లే, పో, ఇంకో గిలాస పెట్టుకరా. అల్లం నువ్వే దంచు, మీ అమ్మకు ఇయ్యకు.